సీటు వచ్చింది సరే, ఆ డెబ్బై వేలు ఎక్కడివి?

ప్రశ్న:

అక్కా, మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊరు. నాయన ఆటో నడుపుతాడు. ఎకరంన్నర మెట్ట ఉంది. మేం బీసీ-డి. చెల్లి పదో తరగతి జెడ్పీ హైస్కూల్లో, ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చదివింది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ఇరవై వేలు దాటిన ర్యాంకు. మొదటి విడతలో హైదరాబాద్ పక్కన ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ వచ్చింది. ఫీజు ఏడాదికి 1,05,000. సర్కారిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 పోతే ఏటా డెబ్బై వేలు మేమే కట్టాలి. ఆ 35,000 కూడా ముందు మీరే కట్టండి, సర్కారు ఇచ్చాక తిరిగిస్తాం అంటున్నారు. రెండో విడతలో ఆప్షన్లు మార్చుకుంటే పక్క జిల్లాలో యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉంది. కంప్యూటర్స్ వదులుకోవద్దు, రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా, లేదంటే అర ఎకరం అమ్మండి అని మేనమామ అంటున్నాడు. నాయన సరేనంటున్నాడు. నేను బీకాం పూర్తి చేసి రెండేళ్లయింది. రీయింబర్స్‌మెంట్ రాలేదని మా కాలేజీవాళ్లు మెమోలు, టీసీ ఇవ్వలేదు. ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నా. నా సంగతి వదిలేయండి. చెల్లికి ఏ సీటు మంచిది, ఏ స్కాలర్‌షిప్‌లు వస్తాయో చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ మామ ఇప్పిస్తానన్న రెండు రూపాయల వడ్డీ సంగతి తేలుద్దాం. అది తేలితే ఉత్తరంలో సగానికి జవాబు దొరికినట్టే.

రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. డెబ్బై వేల మీద నెలకు 1,400, ఏడాదికి 16,800. మొదటి ఏడాది తెచ్చిన అప్పు నాలుగేళ్లు నడుస్తుంది. రెండో ఏడాదిది మూడేళ్లు, మూడో ఏడాదిది రెండేళ్లు, చివరిది ఒక ఏడాది. చెల్లి బీటెక్ అయిపోయేనాటికి వడ్డీయే 1,68,000 అవుతుంది. అసలు 2,80,000. రెండూ కలిపితే 4,48,000. చక్రవడ్డీ వేయకుండా వచ్చిన లెక్క ఇది. హాస్టలు, బస్సు, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు ఇందులో లేవు. ముందే కట్టమంటున్న ముప్పై అయిదు వేలూ లేవు. ఇదంతా ఒక తెల్ల కాగితం మీద రాసి నాయన ముందు పెట్టు. మామతో వాదన వద్దు. ఆయన చెల్లి మంచి కోరే అన్నాడు, లెక్క వేయలేదంతే.

ఇక రీయింబర్స్‌మెంట్. ఈ పథకాన్ని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు దీన్ని బీసీలకు, ఈబీసీలకు విస్తరించాకే, ఇంట్లో ఎవరూ కాలేజీ మొహం చూడని పిల్లలు ఇంజినీరింగ్ క్లాసుల్లో కూర్చున్నారు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో ఉన్నవాళ్లు దేశం మొత్తంలో 28.4 శాతం. తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. ఈ పథకమే మొత్తం కారణమని అనను గానీ, దీని పాత్ర లేదంటే మాత్రం ఒప్పుకోను.

కానీ బీసీ, ఈబీసీ పిల్లలకు పదివేల ర్యాంకు దాటితే 35,000 అనే హద్దు 2012లో, ఉమ్మడి రాష్ట్రంలో పెట్టింది. అప్పటినుంచి కాలేజీల ఫీజులు ఎక్కడికో పోయాయి, హద్దు మాత్రం అక్కడే ఉంది. ఆ కొంచెమైనా సమయానికి వస్తుందా అంటే అదీ లేదు. బకాయిలు వేల కోట్లకు చేరి, 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ దాకా వెళ్లాయి. సర్కారు కాలేజీకి బాకీ పడుతుంది, కాలేజీ ఆ బాకీ తెచ్చి మీలాంటి పిల్లల మెడకు చుడుతుంది. నీ మెమోలు బీరువాలో ఉండిపోవడానికీ, చెల్లిని ముందే కట్టమనడానికీ కారణం ఇదొక్కటే.

కాబట్టి సీటు విషయంలో నేను అడిగే ప్రశ్న ఒకటే. రీయింబర్స్‌మెంట్ రెండేళ్లు ఆలస్యమైనా చదువు ఆగకుండా నడిచేది ఏ సీటులో? నువ్వు రాసినదాన్నిబట్టి యూనివర్సిటీ కాలేజీలోనే. రెండో విడతలో ఆ ఆప్షన్ పైన పెట్టండి. అయితే ఆ సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నది ముందు చూసుకోండి. యూనివర్సిటీ కాలేజీల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులున్నాయి, వాటి ఫీజు వేరు. కాలేజీ పేరు చూసి సంబరపడి, తర్వాత రసీదు చూసి కంగుతిన్నవాళ్లున్నారు.

సీఎస్‌ఈ కాకపోతే బతుకు లేదన్న మాట గురించి. ఈసీఈ చదివినవాళ్లను సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకుంటూనే ఉన్నాయి. చాలా కంపెనీలు రిక్రూట్‌మెంట్‌కు పిలిచేటప్పుడు బ్రాంచి కన్నా మార్కుల శాతం, కోడింగ్ పరీక్ష చూస్తాయి. గేట్ రాస్తే ఎంటెక్‌కు వెళ్లొచ్చు, ప్రభుత్వరంగ సంస్థల్లో ఈసీఈకి పోస్టులూ పడతాయి. అలాగని జిల్లా యూనివర్సిటీ కాలేజీ స్వర్గమని చెప్పను. పర్మినెంటు లెక్చరర్లు తక్కువ, కాంట్రాక్టు వాళ్ల మీదే బండి నడుస్తుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలకు వచ్చినన్ని ఉండవు. చెల్లి రెండో ఏడాది నుంచే సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి, ఇంటర్న్‌షిప్‌లు తనే వెతుక్కోవాలి. ఆ కష్టం నిజం. కాకపోతే నెలనెలా వడ్డీ గుర్తుకొస్తుంటే చదివే చదువులోనూ కష్టం ఉంటుంది, అది క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లకు కనిపించదు.

ఇంత చెప్పినా చెల్లి మనసు సీఎస్‌ఈ మీదే ఉందనుకో. తనను అడిగావా అసలు? నీ ఉత్తరంలో నాయన మాట ఉంది, మామ మాట ఉంది, చెల్లి ఏమందో ఎక్కడా లేదు. తను నిజంగా అదే కోరుకుంటే దారి వడ్డీ వ్యాపారి ఇంటికి కాదు, బ్యాంకుకు. 4 లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అక్కర్లేదు, మార్జిన్ కింద మీరు చేతి నుంచి పెట్టాల్సిన వాటా కూడా ఉండదు. నాయనో అమ్మో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, వృత్తి విద్య, సాంకేతిక కోర్సులకు చదువుకునే కాలం, ఆపైన మరో ఏడాది వడ్డీ మొత్తం కేంద్రమే భరించే పథకం ఉంది. కాలేజీకి న్యాక్ గానీ ఆ కోర్సుకు ఎన్‌బీఏ గానీ ఇచ్చే నాణ్యత గుర్తింపు ఉండాలి. అది ముందే కనుక్కోండి. పైన మామ లెక్కలో 1,68,000 వడ్డీ చూశావు కదా. ఈ దారిలో అదే కాలానికి మీ మీద పడే వడ్డీ సున్నా.

దరఖాస్తు నోటిమాటగా కాకుండా విద్యాలక్ష్మి పోర్టల్లో పెట్టండి. నంబరు వస్తుంది, మేనేజరు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పడానికి వీలు తగ్గుతుంది. కాదంటే కారణం రాసివ్వమనండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కూడా ఉంది గానీ, అది ఎంపిక చేసిన సంస్థలకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో ఒకసారి చూడండి, లేకపోతే పైన చెప్పిన మామూలు విద్యారుణమే.

ఎవరైనా మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ అని ఆశ పెడితే దగ్గరికి కూడా పోవద్దు. కన్వీనర్ కోటాలో, అంటే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటులో చేరినవాళ్లకే రీయింబర్స్‌మెంట్. మిగతా దార్లలో చేరితే ఆ 35,000 కూడా ఉండదు.

ముందే కట్టమంటున్నారు కదా, ఆ మాట కాగితం మీద ఇవ్వమని అడుగు. సగం చోట్ల ఆ అడగడంతోనే గొంతు మారుతుంది. తప్పక కట్టాల్సి వస్తే రసీదులో 'రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇవ్వవలసిన మొత్తం' అని రాయించుకో. వట్టి 'ట్యూషన్ ఫీజు' అని రాస్తే రేపు అడగడానికి నీ చేతిలో ఏమీ ఉండదు. నిర్ణయించిన ఫీజు కన్నా ఎక్కువ గుంజితే ఫిర్యాదు చేయాల్సింది రాష్ట్ర అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీకి. చేరేరోజు ఇచ్చే అండర్‌టేకింగ్ కాగితం కూడా చదవకుండా సంతకం పెట్టొద్దు. 'ఫలానా తేదీలోగా ప్రభుత్వం చెల్లించకపోతే విద్యార్థే చెల్లించవలెను' అనే ఒక్క వాక్యం అందులో మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటుంది. (ఎస్సీ విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట: పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో ఫ్రీషిప్ కార్డు అని ఉంది. ముందస్తు ఫీజు లేకుండా చేర్చుకోవడానికే అది. అడగండి.)

ఇప్పుడు స్కాలర్‌షిప్‌లు. చెల్లికి నేను మొదట చెప్పేది సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వారి ప్రగతి. అమ్మాయిలకే. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి ఉండాలి. బీటెక్ మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టుకోవాలి, ఆ ఏడాది వదిలేస్తే పోయినట్టే. తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. ఇందులో ఒక మెలిక ఉంది: కేంద్రం, రాష్ట్రం ఇచ్చే మరో స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఉండకూడదన్న నిబంధన. అందుకని ఎంపిక జాబితాలో చెల్లి పేరు వచ్చాక కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్లో కూర్చుని, రీయింబర్స్‌మెంట్ సంగతి ఏమవుతుందో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏదో ఒకటే ఉంచుకోవాల్సి వస్తే 50,000 ఎక్కువో 35,000 ఎక్కువో నేను చెప్పక్కర్లేదు. పైగా ప్రగతి డబ్బు నేరుగా చెల్లి ఖాతాలో పడుతుంది. పేరు రాకముందే ఉన్నదాన్ని మాత్రం వదులుకోవద్దు.

రెండోది రిలయన్స్ ఫౌండేషన్ అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్. డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా. ఏటా 5,000 మందికి. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, మొదటి ఏడాదిలో ఉండాలి, ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష పెడతారు. ఆదాయం 2.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు ప్రాధాన్యం. పరీక్షను తేలిగ్గా తీసుకుని పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎప్‌సెట్ రాసిన వేడిలో ఉంది కాబట్టి చెల్లికి అదేం బ్రహ్మవిద్య కాదు.

అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30,000 ఇస్తుంది, కానీ పది, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో చదివిన అమ్మాయిలకు. చెల్లి ఇంటర్ ప్రైవేటులో చదివింది కాబట్టి కుదరదు. మీ వీధిలో సర్కారు జూనియర్ కాలేజీలో చదివిన ఆడపిల్ల ఉంటే ఈ మాట చేరవెయ్యి. ఇంటర్‌లో 80 పర్సంటైల్ పైన వచ్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే 12,000 కూడా ఉంది, అయితే రాష్ట్రం రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు అది రాదు. మీకు దానితో పని లేదు.

యూనివర్సిటీ కాలేజీకే వెళితే బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్ దగ్గర్లో ఉందేమో చూడండి. 2024 చివర్లో మెస్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. తిండి అద్భుతంగా ఉంటుందని హామీ ఇవ్వలేను, కానీ ప్రైవేటు హాస్టల్ ఖర్చు మొత్తం తప్పుతుంది. సీట్లు త్వరగా నిండిపోతాయి, అలాట్‌మెంట్ ఆర్డరు చేతికి రాగానే దరఖాస్తు పెట్టాలి.

వీటన్నిటికన్నా ఎక్కువమంది పిల్లలు డబ్బు పోగొట్టుకునేది చిన్న చిన్న కాగితాల దగ్గర. నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో స్కాలర్‌షిప్ రిజిస్టరు కూడా నా నెత్తినే ఉండేది. ఒకమ్మాయికి టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, బ్యాంకు పాస్‌బుక్కులో పేరు తర్వాత. మనకు ఒకే పిల్ల, కంప్యూటరుకు ముగ్గురు. ఆ ఏడాదంతా ఆమె ఫైలు 'పెండింగ్' దగ్గరే ఆగింది. రీయింబర్స్‌మెంట్‌కు మన రాష్ట్ర పోర్టల్ ఈపాస్‌లో పెట్టే దరఖాస్తు టెన్త్ హాల్‌టికెట్ నంబరుతోనే మొదలవుతుంది. అందుకని టెన్త్ మెమోలో పేరు ఎలా ఉందో మిగతా రెండూ అలాగే మార్పించండి, ఈ వారంలోనే.

రెండో చిక్కు బ్యాంకుది. ఖాతాకు ఆధార్ లింకై ఉందమ్మా అని కౌంటర్లో చెబుతారు. అది కేవైసీ లింకు, అంటే ఖాతా ఎవరిదో గుర్తించడానికి మాత్రమే. సర్కారు డబ్బు పడాలంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో ఆ ఖాతా మ్యాప్ అయి ఉండాలి, అది వేరు. మైఆధార్ సైట్లో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకు పేరు వస్తుందో, డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు తెలియకుండా తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అక్కడ తేలితే ఆశ్చర్యపోవద్దు. బ్యాంకుకు వెళ్లి డీబీటీ సీడింగ్ ఫారం ఇస్తే మారుస్తారు.

ఆదాయ ధ్రువీకరణ కొత్తది మీసేవలో పెట్టండి. ఈపాస్‌కు పల్లెల్లో బీసీలకు హద్దు 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం తగ్గకూడదు. మొదటిసారి దరఖాస్తుకు మీసేవలో వేలిముద్ర వేసి, ఆ ప్రింటు, జిరాక్సులు కాలేజీలో ఇవ్వాలి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఆ ముద్ర ఉన్న కాగితం విలువ నీకు తెలుసు, ఇప్పుడు నీ దగ్గర అది లేకనే కదా తిరుగుతున్నావు.

ఇక నీ సంగతి. వదిలేయమన్నావు, నేను వదలను. మూడేళ్లు చదివి, పాసై, పట్టా లేక డెలివరీ బండి నడుపుతున్నావు. నీకు కావలసింది కొత్త స్కాలర్‌షిప్ కాదు, ఇప్పటికే నీదైన కాగితాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగివ్వాలని, ఫీజు బాకీ పేరుతో అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నువ్వు చేరేటప్పుడు ఇచ్చిన టెన్త్, ఇంటర్ మెమోలు కూడా వాళ్ల దగ్గరే ఉంటే, మొదట వాటిని అడుగు. ఆ విషయంలో వాళ్ల దగ్గర జవాబే ఉండదు.

చేయాల్సిన పని ఇది. ఈపాస్‌లో నీ పాత దరఖాస్తు నంబరుతో స్టేటస్ తీసి ప్రింటు చేయించు. మూడేళ్లకూ. మంజూరై బిల్లు ట్రెజరీలో ఆగిందా, కాలేజీయే నీ ఫైలు ముందుకు పంపలేదా అన్నది అందులో తెలుస్తుంది. కాలేజీ పంపకపోతే తప్పు వాళ్లది, అప్పుడు నీ మాటకు బలం ఎక్కువ. ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ అర్జీ రాసి, ఆ ప్రింట్లు జత చేసి, ఆఫీసులో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకో. తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపు. రెండు వారాలు చూసి అదే అర్జీ జిల్లా బీసీ సంక్షేమ అధికారికి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లు, అక్కడ ఇచ్చే రసీదు నంబరు దాచుకో. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లోనూ పెట్టు. వీటితో కదలకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తుంది. చాలాసార్లు ఆ సంస్థ నుంచి ఒక నోటీసు వెళితే చాలు, బీరువా తాళం దొరుకుతుంది.

బాకీలో కొంత కడితే ఇచ్చేస్తామని బేరం పెడతారు. స్టేటస్ ప్రింటు చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. సర్కారు నుంచి తర్వాత ఆ డబ్బు కాలేజీకి వస్తే నీకు తిరిగిచ్చేవాళ్లు అరుదు.

చెల్లి రెండో విడత ఆప్షన్ల గడువు దగ్గరపడింది కాబట్టి ఆ పని ముందు. సీటు అలాట్ అయ్యాక గడువులోగా ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఖాయం చేసుకోవడం) చేయడం మరిచిపోవద్దు, చేయకపోతే సీటు రద్దవుతుంది. తర్వాతి వారం నీ అర్జీ. మెమోలు చేతికొచ్చాక ఎంకామ్ చేయాలా, గ్రూప్స్‌కు కూర్చోవాలా అన్నది రాయి, దాని గురించి విడిగా మాట్లాడదాం.